కత్తిరించిన వీధి

ఉప్పాడ,
2-4-1999

తమ్ముడు చంద్రరావుకు,

నీ అక్క సత్యకుమారి రాస్తున్నాను. ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ బావగారి నడుం నొప్పి అలాగే ఉంది. మగ్గం గుంటలోంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. ఆసుపత్రికి వెళ్దామంటే చీర దిగాక చూద్దామంటారు. ఆ చీర దిగగానే ఇంకో చీర ఎక్కిస్తారు.

వచ్చే శుక్రవారం మీ హాల్లో ‘ఏడు తెరచాపలు’ రెండో భాగం వేస్తున్నారని పేపర్లో చూశాం. పోయిన ఏడాది వాళ్ళు మన ఒడ్డున షూటింగుకి వచ్చినప్పుడు డైరెక్టరు దగ్గర పనిచేసే కుర్రాడొకడు ఏం చెప్పాడో నీకు అప్పుడే రాశాను. మొదటి సినిమాకి తీసిన మన పాత వీధిని ఇందులో హీరో గుర్తు చేసుకున్నట్టు మళ్ళీ చూపిస్తారట. ఆ వీధి ఇప్పుడు సముద్రంలో ఉంది కాబట్టి మళ్ళీ తియ్యలేరు, పాత బొమ్మే వేస్తారు.

అమ్మ పోయేదాకా ‘ఆ సినిమాలో నేనూ ఉన్నానే’ అనేది. మొదటి షూటింగు నాటికి నేను తునిలో అత్తవారింట ఉన్నాను, నువ్వు కాకినాడ హాస్టల్లో ఉన్నావు. సినిమా వచ్చినప్పుడు నేను పురిటి మంచం మీద ఉన్నాను. నువ్వు చూశావు గాని ఎప్పుడడిగినా కత్తియుద్ధాలు తప్ప ఇంకేమీ చెప్పలేదు. తిరణాలలో తీయించిన అమ్మ ఫోటో ట్రంకుపెట్టెతో సహా తుపానులో పోయింది. ఇంకో ఫోటో లేదు. ఈమధ్య అమ్మని తలచుకుంటే కళ్ళు, ముక్కు గుర్తొస్తున్నాయి, నోరు రావడం లేదు. నా కూతురు అమ్మమ్మ ఎలా ఉండేదని అడిగితే ఇదివరకు టకటకా చెప్పేదాన్ని. ఇప్పుడు ఆగి ఆగి చెబుతున్నాను.

నువ్వు హాలు మేనేజరువి. అందరికంటే ముందు చూసేది నువ్వే. చూసి అమ్మ ఎక్కడ కనిపిస్తుందో, ఎంతసేపు కనిపిస్తుందో రాయి. సినిమా మన దగ్గరికి వచ్చేసరికి కళ్ళు అక్కడే పెట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
అక్క

*

రాజమండ్రి,
10-4-1999

అక్కకు,

నమస్కారం. బావగారిని ఇక్కడికి తీసుకురా, ఎముకల డాక్టరు మా హాలుకి రెండిళ్ళ అవతలే. చీర దిగాకే తీసుకురా, వాదించి లాభం లేదు.

సినిమా నిన్న విడుదలైంది. నువ్వు అడిగింది మరిచిపోలేదు. కానీ నిన్నా ఇవాళా గేటు వదిలి లోపల కూర్చునే వీలు లేకపోయింది. ఈ ఆదివారం గాని వచ్చే ఆదివారం గాని కూర్చుని చూసి రాస్తాను.

జనం సంగతి మాత్రం చెప్పగలను. పదిహేడేళ్ళ తరవాత రెండో భాగం కావడంతో రెండు రకాల జనం వచ్చారు. మొదటిది లాగూల్లో చూసినవాళ్ళు ఇప్పుడు పొట్టలతో పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. మొదటిది అసలు చూడని కుర్రాళ్ళు కాగితాలు చింపి సంచుల్లో నింపుకొచ్చారు. ఒకే ఆటకి ఇద్దరూ ఒకే హాల్లో కూర్చున్నారు. అదే ఇబ్బంది.

అభిమాన సంఘం అధ్యక్షుడు శశిభూషణ్ అని పేపరు మిల్లులో గుమాస్తా. ఇంటరు చదివే కొడుకుతో వచ్చాడు. ఆట వదిలాక నా గది ముందే తండ్రీకొడుకులు మొదలెట్టారు.

“అప్పుడు ఏడు పడవలూ నిజం పడవలండీ. ఇప్పుడు కంప్యూటర్లో గీశారు. తెరచాపకి గాలి ఒకవైపు, జెండాకి ఇంకోవైపు” అన్నాడు శశిభూషణ్.

“గాలి చూడ్డానికొచ్చావేంటి నాన్నా? పాటలు చూడు. ఫైట్లు చూడు” అన్నాడు కొడుకు.

“సముద్రంలో మొసలేంట్రా మరి?”

“మీ మొదటి దాంట్లో మాట్లాడే చిలక ఉంది కదా. అదేంటి?”

“చిలక మాట్లాడుతుంది. మొసలి సముద్రంలో ఉండదు.”

తండ్రి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. కొడుకు మ్యాట్నీకి మళ్ళీ టిక్కెట్టు కొన్నాడు. ఊరంతా ఇలాగే ఉంది. టీ బడ్డీ దగ్గర ఒకాయన బాగుందంటే పక్కనున్నాయన గ్లాసు పెట్టేసి వెళ్ళిపోతున్నాడు.

ఇంటర్వెల్ తరవాత పదకొండో రీలు పడగానే మాత్రం నేల టిక్కెట్టు వాళ్ళు ప్రొజెక్టరు గది వైపు తిరిగి కేకలేశారు. డిస్ట్రిబ్యూటరు పంపిన మనిషి అది చూసి, “సాగుతోందండి మేనేజరు గారూ, కాస్త లేపేద్దాం. అన్ని ఊళ్ళలోనూ లేపేస్తున్నారు” అన్నాడు. సరేనని సంతకం పెట్టాను. మొసలితో పోరాటం అయ్యుంటుంది, దాని మీదే అందరూ తిట్టుకుంటున్నారు. ఇవాళ మ్యాట్నీ నుంచి కేకలు తగ్గాయి. మేనేజరుగా చేసేవాడు తెర వైపు చూడడు, కుర్చీల వైపు చూస్తాడు. కుర్చీలు ఇప్పుడు బాగానే ఉన్నాయి.

ఉంటాను,
చంద్రం

*

ఉప్పాడ,
14-4-1999

చంద్రానికి,

నీ ఉత్తరం అందింది. మామూలుగానే సాయంత్రం అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. మొసలి దగ్గర రత్తమ్మత్తకి నవ్వి నవ్వి పొలమారింది.

ఇంతకీ నువ్వు చూడకుండానే మాకు సంగతి తెలిసిపోయింది. పెదబాబు శుక్రవారం చీరలివ్వడానికి కాకినాడ వెళ్ళి, మొదటి ఆట చూసి వచ్చాడు. బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా మన గుమ్మంలోకి వచ్చాడు.

“చూసేనమ్మాయ్. మన వీధి వీధంతా ఉంది. కొబ్బరి చెట్టు దగ్గర్నుంచి రామకోవెల దాకా. మీ అమ్మ బిందె చంకనెట్టుకుని అలా నడిచి వెళ్తంది.”

“ముఖం కనిపించిందా?” అన్నాను.

“వెనకనుంచమ్మా. అయినా మీ అమ్మ నాకు తెలీదేంటి? పక్కింట్లో ముప్పై ఏళ్ళు ఉన్నాం.”

కుర్రాళ్ళు గోల చెయ్యడంతో సరిగా వినబడలేదట గాని బొమ్మ మాత్రం శుభ్రంగా చూశాడట. అప్పట్నుంచి మా ఇంటికి జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళిల్లు ఉందా, వీళ్ళ అరుగు ఉందా అని పెదబాబుని అడగడం, ఆయన చెప్పడం. అడిగిన ప్రతివాళ్ళ ఇల్లూ ఉందనే చెబుతున్నాడు. అది ఎంతవరకు నిజమో నాకు తెలీదు.

నువ్వు హాల్లో ఉండి కూడా చూడలేదంటే నాకు కాస్త కష్టంగానే ఉంది. కాకినాడ వెళ్ళిన మనిషి చూసి వచ్చాడు. అమ్మ నీ గది గోడకవతల రోజుకి నాలుగుసార్లు నడుస్తుంటే నువ్వు కుర్చీల వైపు చూస్తున్నావు. తిట్టడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

అక్క

*

రాజమండ్రి,
19-4-1999

అక్కకు,

నిన్న ఆదివారం మ్యాట్నీకి బాల్కనీలో కూర్చుని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చూశాను. మధ్యలో టీకి కూడా లేవలేదు. సినిమాలో మన వీధి లేదు. అమ్మ లేదు. పాత సినిమా బొమ్మ ఒక్కటి కూడా లేదు. హీరో ఉప్పాడ ఒడ్డున రాళ్ళకట్ట మీద నిలబడి సముద్రం వైపు చూస్తాడు, వెంటనే పడవెక్కేస్తాడు. అంతే. మొసలి మాత్రం పూర్తిగా ఉంది.

పెదబాబు అబద్ధం చెప్పాడని నేననను. మొదటి సినిమా ఆయన చాలాసార్లు చూశాడు. అందులోది ఇందులో కలిపేసి ఉంటాడు. లేకపోతే నిన్ను సంతోషపెడదామని చెప్పి ఉంటాడు. ఆయన చెప్పినవన్నీ నమ్మి ఆశ పెట్టుకోవద్దు. అడిగినవాళ్ళందరి ఇళ్ళూ ఉన్నాయని చెప్పాడంటేనే తెలియడం లేదా?

ఇక్కడ రెండో వారం నడుస్తోంది. సంఘం చీలిపోయింది. శశిభూషణ్ రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో కుర్రాళ్ళు కొత్త బోర్డు కట్టారు, అందులో పాత సినిమా హీరో బొమ్మ తీసేసి కొత్త బొమ్మ వేశారు. ఇద్దరూ ఒకే హీరో అభిమానులే, కానీ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం లేదు.

బావగారిని ఎప్పుడు తెస్తున్నావు?

చంద్రం

*

ఉప్పాడ,
24-4-1999

చంద్రానికి,

నీ పందొమ్మిదో తారీకు ఉత్తరం విషయంలో ఒక పొరపాటు జరిగింది. నాది సగం, నీది సగం.

ఉత్తరం రాగానే ఎప్పటిలాగే అరుగు మీద చదివాను. ముందు నేనొక్కదాన్నే చదువుకుని ఉండాల్సింది. ‘పెదబాబు అబద్ధం చెప్పాడని నేననను’ అనే వాక్యం దగ్గరే పెదబాబు తల ఎత్తాడు. మధ్యలో ఆపితే ఇంకా అనుమానం వస్తుందని చివరిదాకా చదివేశాను. ఆయన తువ్వాలు దులుపుకుని లేచి, “నేను కలిపేసేనంట. కళ్ళు నావి, బుర్ర మాత్తరం నాది కాదంట” అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మా అరుగు ఎక్కలేదు. వీధిలో పిల్లలు ఆయన వెనకాల ‘మా ఇల్లు కూడా ఉందా తాతా?’ అని అరుస్తున్నారు. నిన్న రెండు చీరలు కాకినాడ పంపాలని కబురు పెడితే ఒంట్లో బాగోలేదన్నాడు. బాగానే ఉంది, పొద్దున్న నూతి దగ్గర చూశాను.

బుధవారం నేనూ రత్తమ్మత్తా కాకినాడ వెళ్ళి చూశాం. నువ్వు రాసిందే నిజం. వీధి లేదు. మొసలి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రత్తమ్మత్త, “పోన్లేవే, పెదబాబుకి వయసైపోయింది” అంది. నాకు అలా అనిపించలేదు. పెదబాబు డబ్బు లెక్కల్లో తప్పుతాడు గాని చూసినదాంట్లో తప్పడు. చీర దగ్గర ఒక్క పోగు తేడా వస్తే ఇప్పటికీ గది అవతలనుంచి చెబుతాడు.

ఇంటికొచ్చాక నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. డిస్ట్రిబ్యూటరు మనిషి పదకొండో రీలులో ఏదో లేపేద్దామన్నాడని, నువ్వు సంతకం పెట్టావని రాశావు. మొసలి అయ్యుంటుందన్నావు. మొసలి మీ ఊళ్ళోనూ ఉంది, కాకినాడలోనూ ఉంది. మరి లేపేసింది ఏంటి? పెదబాబు చూసింది మొదటి రోజు మొదటి ఆట.

కనుక్కుని రాయి. ఈసారి ఉత్తరం నేను ముందు చదువుకుంటాను.

అక్క

*

రాజమండ్రి,
28-4-1999

అక్కకు,

నీ ఉత్తరం చదవగానే పైకి వెళ్ళి ఆపరేటరు బుజ్జిబాబుని అడిగాను.

“పదకొండో రీలులో ఏం కోశావయ్యా?”

“మీరు సంతకం పెట్టినదే కదండి. పాత సినిమా ముక్కండి. ఊరూ, వీధీ.”

“మొసలి కాదా?”

“మొసలి జోలికెళ్తే కుర్రాళ్ళు నన్ను కోస్తారండి.”

నేల టిక్కెట్టు వాళ్ళు కేకలేసింది మన వీధి చూసే. పాత బొమ్మ, రంగు వెలిసింది, గీతలు పడ్డాయి. డబ్బులిచ్చి కొత్త సినిమాకొస్తే పాతది చూపిస్తారేంటని వాళ్ళ కోపం. అన్ని ఊళ్ళలోనూ రెండో రోజుకల్లా తీసేశారు. మా హాల్లో తీయించింది నేనే. ఏం తీస్తున్నారని ఒక్క మాట అడిగితే తెలిసేది. అడగలేదు. తరవాత కోసేసిన సినిమా చూసి, ఆ వీధి లేదని నీకు గట్టిగా రాశాను. పెదబాబు చెప్పింది అక్షరాలా నిజం. ఈ ఉత్తరం అరుగు మీద చదువు. ఆయన రాకపోతే వాళ్ళింటికి వెళ్ళి చదువు.

కోసిన ముక్క డబ్బాలో భద్రంగానే ఉంది. ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూశాను. ఒక్కో బొమ్మ వేలిగోరు కంటే కాస్త పెద్దది. వీధి తెలుస్తోంది, కోవెల తెలుస్తోంది. బిందెతో నడిచే మనిషి ఉంది. అమ్మో కాదో ఆ బొమ్మలో నేను చెప్పలేను.

ఈ ప్రింటు ఇక్కడ మరో వారం ఆడి మే ఏడున పిఠాపురం వెళ్తుంది. ముక్క అతికించి పంపమని డిస్ట్రిబ్యూటరుకి ఫోన్ చేశాను. ఇప్పుడిప్పుడే సినిమా నిలబడుతోంది, కెలకొద్దన్నాడు. మా అమ్మ ఉందన్నాను. “అందరికీ అమ్మలున్నారు మేనేజరు గారూ” అన్నాడు.

ఈ సంగతి టీ బడ్డీ దగ్గర శశిభూషణ్ చెవిన పడింది. ఆయన నా దగ్గరికొచ్చి, “ఈ సినిమా మొత్తంలో నాకు నచ్చింది ఆ ముక్కేనండి. మొదటి రోజు చూసేను. మర్నాడు మా ఆవిడని తీసుకొస్తే లేదు. నాకే మతిపోయిందనుకున్నాను” అన్నాడు. పాత సంఘం వాళ్ళు పాతిక మంది కలిసి డిస్ట్రిబ్యూటరు ఆఫీసు ముందు కూర్చున్నారు. కుర్రాళ్ళు పోటీగా వచ్చి వద్దని కూర్చున్నారు. వాళ్ళలో శశిభూషణ్ కొడుకు కూడా ఉన్నాడు. మధ్యాహ్నం తండ్రికి క్యారేజీ తెచ్చిందీ వాడే. ఇచ్చేసి మళ్ళీ అవతలివైపు వెళ్ళి కూర్చున్నాడు.

చివరికి డిస్ట్రిబ్యూటరు విసిగిపోయి, పిఠాపురంలో రెండు రోజులు అతికించి వేసుకోమన్నాడు. జనం గోల చేస్తే మొదటి ఆటకే తీసేస్తానన్నాడు. బుజ్జిబాబు డబ్బా పట్టుకుని తనే వెళ్తున్నాడు. ఇంకొకళ్ళ చేతికి ఇవ్వనన్నాడు.

నాకు ఆ రోజు ఇక్కడ కొత్త సినిమా పడుతోంది, రాలేను. చూసి నువ్వే రాయి.

చంద్రం

*

ఉప్పాడ,
9-5-1999

తమ్ముడికి,

నీ ఉత్తరం పెదబాబు గుమ్మంలో నిలబడి చదివాను. మొత్తం విని, “ఆ ‘అక్షరాలా నిజం’ అన్న ముక్క మళ్ళీ సదువమ్మాయ్” అన్నాడు. చదివాను. ఎదురింటి వాళ్ళకి వినబడేలా ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి అడక్కముందే చీరల మూట ఆయన చేతికిచ్చి వచ్చాను.

ఏడో తారీకున మ్యాట్నీకి రెండు ట్రాక్టర్లలో వెళ్ళాం. పాత వీధి వాళ్ళలో నడవగలిగినవాళ్ళందరూ వచ్చారు. మీ బావగారు మగ్గం దిగారు. పిఠాపురం కుర్రాళ్ళు మమ్మల్ని చూసి ‘ఏంటి, పెళ్ళికొచ్చారా’ అన్నారు. ఇంటర్వెల్ దాకా మావాళ్ళెవరూ తెర వైపు సరిగా చూడలేదు. ముసలాళ్ళు ఇద్దరు నిద్రపోయారు.

ఆ ముక్క పడింది. ముందు కొబ్బరి చెట్టు, తరవాత వీధి. కుర్రాళ్ళు ఈల వేశారు. పెదబాబు లేచి నిలబడి వెనక్కి తిరిగి, “కూకోండెహె. అది మా ఊరు. మీ మొసలి తరవాత వస్తది” అన్నాడు. వాళ్ళకి నవ్వొచ్చి ఊరుకున్నారు. ఇంక మావాళ్ళు మొదలెట్టారు. అదిగో మా అరుగు, అదిగో మా నాన్న కట్టిన గోడ, అది మా మేక. పెదబాబు అడిగినవాళ్ళందరి ఇళ్ళూ ఉన్నాయని చెప్పింది కూడా నిజమే. అన్నీ ఉన్నాయి.

బిందెతో మనిషి వచ్చింది. రత్తమ్మత్త నా చెయ్యి పట్టుకుని, “అదిగోనే, మీ అమ్మ” అంది. పెదబాబు కూడా వెనకనుంచి “చూసేవా?” అన్నాడు. చూశాను.

ఆమె అమ్మ కాదు, చంద్రం. ఎడమ కాలు కాస్త బయటికి వేసి, ఒక అడుగు ఆపి వేస్తోంది. అది రత్తమ్మత్త నడక. ఇప్పటికీ అలాగే నడుస్తుంది, ఆ రోజు ట్రాక్టరు దాకా నా ముందు అలాగే నడిచింది. వెనకనుంచి తను ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసే అవకాశం లేదు. అప్పటికి సన్నగా ఉండేది, అమ్మలాగే. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడుస్తుంటే నేను కాదని చెప్పలేదు. పెదబాబుకీ చెప్పలేదు. ఆయన్ని మళ్ళీ అబద్ధాలవాణ్ణి చెయ్యలేను. నువ్వూ ఎక్కడా అనొద్దు.

ముక్క అయిపోగానే మావాళ్ళందరూ లేచి బయటికి వచ్చేశారు. హీరోకి నిధి దొరికిందో లేదో మాకెవరికీ తెలీదు. కుర్రాళ్ళకి కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఇంటికొచ్చే దారంతా నేను మాట్లాడలేదు. అమ్మని చూసిన బాధ అనుకుని అందరూ నన్ను వదిలేశారు. చూడలేదన్న బాధ అది. ట్రాక్టరులో రత్తమ్మత్త మాత్రం షూటింగు కబుర్లు చెబుతూనే ఉంది. బొమ్మలో పొగ పడకూడదని, వీధిలో పొయ్యిలన్నీ ఆర్పెయ్యమని సినిమావాళ్ళు కేకలేశారట. “మేమందరం బిందెలతో నీళ్ళు పోసేసి, వీధెంట నడిచెళ్ళి తాడు అవతల నిలబడ్డామే. బొమ్మ ఎప్పుడు తీశారో మాకు తెలీనే తెలీదు. మీ అమ్మ ఒక్కత్తీ వినలేదు. మా ఆయన మగ్గం మీదున్నాడు, వేళకి అన్నం పెట్టకపోతే ఎలాగండీ అని లోపలికెళ్ళిపోయింది. ఆ షూటింగు మేనేజరు తల కొట్టుకున్నాడు” అంది. లోపల పొయ్యి దగ్గర ఉన్న మనిషి బయట బిందెతో ఎలా నడుస్తుందని నేనడగలేదు. అక్కడున్న ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

నిన్న రెండో రోజు నేనొక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. ఈసారి బిందె వైపు చూడలేదు. మన ఇంటి వైపు చూశాను. వీధి చివర, కోవెలకి ఇవతల, సగం తెరిచిన తలుపు. లోపల చీకటి. మిగతా ఇళ్ళ కప్పుల మీద ఏమీ లేదు. మన తాటాకుల మీంచి పొగ వస్తోంది, సన్నగా, ఆ ముక్క ఉన్నంతసేపూ.

అక్క